పియానో శ్రుతి ఎవరి చెవికి చేయాలి?

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. ఆయన వయసు 34 ఏళ్లు. తండ్రి వరంగల్ స్టేషన్ రోడ్డు దగ్గర నలభై ఏళ్లుగా హార్మోనియంలు బాగుచేస్తున్నారు; భజన మండళ్లు, చిందు యక్షగానం బృందాలు, పద్య నాటకాల వాళ్లు ఆయన దగ్గరికే వస్తారు. కొడుకు చెన్నైలో ఒక పియానోల దుకాణంలో పనిచేస్తూ శ్రుతి చేయడం నేర్చుకుని, నాలుగేళ్ల కిందట ఊరికి తిరిగి వచ్చారు. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాలలో కలిపి ముప్పై దాకా పియానోలు ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నాయి. పనికి కొదవ లేదు గానీ, ఈ ఏడాది మూడు చోట్ల మాటపడ్డానని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశారు.

మొదటిది ఒక డాక్టరు గారి ఇల్లు. కూతురు పియానో పరీక్షలకు తయారవుతోంది. ఈయన మూడు గంటలు కూర్చుని శ్రుతి చేసి లేవగానే, డాక్టరు గారు ఫోనులో గిటారు శ్రుతి చూసుకునే యాప్ తెరిచి ఒక్కొక్క కీ నొక్కి చూశారు. పై కీలు ఎక్కువ, కింది కీలు తక్కువ అని యాప్ చూపించింది. "తప్పు చేసి పైసలు అడుగుతవా" అని, మాట్లాడుకున్న 3,000 రూపాయల్లో సగమే చేతిలో పెట్టారు. రెండోది కరీంనగర్‌లో ఒక పియానో టీచరు. "సౌండు షార్ప్‌గా, ఎండిపోయినట్టు ఉంది, తగ్గించండి" అంటే, ఈయన పియానో మొత్తాన్ని 440 నుంచి 436కి (మధ్య 'ఏ' స్వరం సెకనుకు చేసే కంపనాల లెక్క ఇది) దించారు. ఐదు గంటల చాకిరీ తర్వాత కూడా ఆమె అదే మాట అన్నారు. మూడోది కాజీపేట వైపు ఒక చర్చి. అక్కడి పాత నిలువు పియానో చాలా కాలంగా శ్రుతి లేక దాదాపు అర స్వరం, అంటే పక్క కీ అంత, కిందికి జారింది. యువకులు కీబోర్డు, గిటార్లతో కలిపి వాయించడానికి క్రిస్మస్ నాటికి దాన్ని 440కి తెమ్మంటున్నారు. వృద్ధులు మాత్రం ఆ గంభీరమైన నాదం పోనివ్వవద్దని, పైకి తెస్తే పాడడానికి తమ గొంతులు అందవని అంటున్నారు.

చివరగా ఆయన ఇలా అడిగారు: "మా బాపు 'అడిగినట్టు చేసి పైసలు తీసుకో బిడ్డా, వినేది వాళ్లు' అంటడు. నాకు పని నేర్పిన సారు 'శ్రుతి దగ్గర గిరాకీ మాట విన్నవంటే నీ పని పోయినట్టే' అన్నరు. ఎవరి మాట వినాలె? అసలు సరైన శ్రుతి అనేది ఒకటి ఉన్నదా?"

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు చోట్లా మీరు నొచ్చుకున్నది ఒకే మాటకు: శ్రుతి బాగా లేదు. అయితే ఆ మూడు ఇళ్లలో ఆ ఒక్క మాటకు మూడు వేర్వేరు అర్థాలున్నాయి. డాక్టరు గారి గొడవ కింది సాకూ పై సాకూ మధ్య ఉంచిన దూరం గురించి. చర్చివారిది మొత్తం వాద్యం ఏ ఎత్తున నిలవాలన్న దాని గురించి. టీచరు గారి ఇబ్బందికి శ్రుతితో సంబంధమే లేదని నా అనుమానం. సంగీతం తెలిసినవారైనా సరే, వాడుకరులకు ఈ తేడాలు చెప్పే మాటలు ఉండవు. చెవికి ఏదో నచ్చలేదు, నోటికి దొరికింది 'శ్రుతి'. ఆ మాటను విడదీసి చూసుకోవలసిన పని మనదే.

ముందు మీ చివరి ప్రశ్న. పియానోలో ఏ లోపమూ లేని శ్రుతి సాధ్యం కాదు. అర స్వరాన్ని నూరు భాగాలు చేసి ఒక్కొక్కదాన్ని సెంటు అంటామని మీకు తెలుసు. శుద్ధమైన పంచమాలు వేసుకుంటూ పన్నెండు సార్లు పైకి వెళితే మళ్లీ బయలుదేరిన స్వరానికే చేరాలి; చేరము, 23 సెంట్ల పైచిలుకు దాటిపోతాము. ఆ మిగులును పన్నెండు పంచమాలకూ సమానంగా పంచి, ఒక్కొక్కదాన్ని 2 సెంట్ల చొప్పున కుదించడమే ఇప్పుడు లోకమంతా వాడుతున్న సమాన విభజన. దానివల్ల పంచమానికి వచ్చే నష్టం వినపడీ వినపడనంత, కానీ అంతర గాంధారం తన శుద్ధమైన చోటు కంటే దాదాపు 14 సెంట్లు పైన కూర్చుంటుంది. మధ్య సీకి కింద ఉన్న ఎఫ్, ఏ కీలను (ఎఫ్‌ను సా అనుకుంటే ఏ దాని అంతర గాంధారం) కలిపి నొక్కి పట్టుకుంటే సెకనుకు ఏడు చొప్పున వినిపించే అల, ఇంటర్ భౌతికశాస్త్రంలో విస్పందనాలని చదువుకున్నది, ఈ 14 సెంట్లదే.

మీ బాపు చేసేది గుర్తు చేసుకోండి. గాయకుడు పెట్టె తీసుకుని రాగానే, దాన్ని విప్పకముందే, "ముందుగాల ఒక పద్యం పాడు" అంటారని మీరే రాశారు. ఆ మనిషి ఏ శ్రుతిలో పాడతాడో, గాంధారం ఎక్కడ నిలుపుతాడో విని, ఇత్తడి రీడు మొదట్లో సన్నగా గీకి ఆ ఒక్క గాంధారాన్ని కిందికి దించుతారు. ఎక్కువ దిగితే కొన దగ్గర గీకి మళ్లీ ఎక్కిస్తారు. ఒకే శ్రుతిలో పాడే ఒక మనిషి పెట్టె కనుక అది చెల్లుతుంది. పియానో మీద ఒకటి సీలో, తర్వాతిది ఈ ఫ్లాట్‌లో, ఇంకొకటి ఏలో వాయిస్తారు. ఒక స్వరాన్ని ఒకరి కోసం దించితే మిగతా స్కేళ్లలో అది పుల్లవిరుపుగా పలుకుతుంది. అందువల్ల మీ బాపు మాటా నిజమే, మీ సారు మాటా నిజమే. వాళ్లిద్దరి ముందూ ఉన్న వాద్యాలు వేరు. (ఈ సమాన విభజన మన సంగీతానికి నప్పదన్నది కూడా హార్మోనియం మీద వచ్చిన ఆక్షేపణల్లో ఒకటి. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో హార్మోనియానికి చోటే లేకుండా పోయింది. స్వరం ఎక్కడ కూర్చోవాలన్న దాని గురించి దేశమే అంత పట్టుదలకు పోయిందంటే, ఒక డాక్టరు గారు పట్టుబట్టడంలో వింత లేదు.)

డాక్టరు గారి విషయంలో మీ పని తప్పు కాదని నిస్సంకోచంగా చెబుతున్నాను. ఉక్కు తీగ బిరుసుది. అది మోగేటప్పుడు మూల స్వరంతో పాటు పలికే ఉపస్వరాలు లెక్క ప్రకారం సరిగ్గా రెండింతలు, మూడింతల దగ్గర ఉండవు, కాస్త పైకి జరిగి ఉంటాయి. కింది తీగ తాలూకు ఆ జరిగిన ఉపస్వరంతో పై తీగను కలిపితేనే చెవికి ఆక్టేవ్, అంటే సా నుంచి పై సా దాకా ఉన్న దూరం, నిండుగా వినిపిస్తుంది. అలా కలుపుకుంటూ పోతే పై చివర స్వరాలు లెక్క కంటే ఎక్కువకూ, కింది చివర తక్కువకూ చేరతాయి. 1938లో రైల్స్‌బ్యాక్ అనే ఆయన పియానోల శ్రుతిని పరికరంతో కొలిచి ప్రచురించిన లెక్కల్లో ఈ వంపే కనిపించింది, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇళ్లలో ఉండే పొట్టి నిలువు పియానోల్లో తీగలు పొట్టివి కనుక వంపు ఇంకా ఎక్కువ. చివరి కీలు 30 సెంట్ల దాకా జరగడం మామూలే. గిటారు యాప్‌కు ఇదేమీ తెలియదు. దానికి తెలిసింది రెండింతల లెక్క ఒక్కటే.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. ఆయన కోరినట్టు ప్రతి కీని యాప్‌లో సున్నా దగ్గర నిలపవచ్చు. మీటరు పచ్చగా వెలుగుతుంది, ఆయన మిగతా డబ్బు ఇస్తారు, కానీ రెండు చేతులతో వాయించినప్పుడు పై స్వరాలు కిందికి వాలినట్టు, కింది స్వరాలతో కలవనట్టు ఉంటాయి. నాలుగు నెలలకు పాప టీచరో పరీక్షకులో ఆ మాట అంటే, తప్పు మీ మీదికే వస్తుంది. రెండో దారి, వంపును కొంచెం తగ్గించి రాజీపడడం. పాప ఎక్కువగా వాయించేది మధ్య నాలుగు ఆక్టేవ్‌లే అయితే దీనివల్ల పెద్ద నష్టం లేదు. అయినా యాప్ మాత్రం పూర్తిగా తృప్తిపడదు. మూడోది నాకు ఇష్టమైనది, కాకపోతే ఓపిక కావాలి. ఒకసారి ఊరికే వెళ్లండి. పైనుంచి రెండో సీ దగ్గర రెండు తీగలకు ఫెల్టు అడ్డంపెట్టి, ఒక్క తీగను యాప్ చెప్పినట్టే సున్నాకు తెండి. పాపను కళ్లు మూసుకుని కింది సీలు రెండూ, ఆ పై సీ వరుసగా వాయించమనండి. తర్వాత అదే తీగను మీ చెవికి సరిపోయే చోటికి లేపి, మళ్లీ వాయించమనండి. ఏది బాగుందో చెప్పవలసింది పాప, మీరు కాదు. మీటరు మీద నమ్మకం పెట్టుకున్న మనిషికి మీటరుతోనే చెప్పాలనుకుంటే, ప్రతి తీగ బిరుసునూ కొలిచి వంపు లెక్కగట్టే పియానో యాప్‌లు వేరే ఉన్నాయి. ఒకటి కొని చూపించడం మీకు చిన్నతనమేమీ కాదు. ఇంత చేశాక కూడా ఆయనకు సున్నాలే కావాలంటే అలాగే చేసి, ఆయన కోరిక మీద ఆ విధంగా చేశానని రసీదు మీద ఒక వాక్యం రాసి ఇవ్వండి.

కరీంనగర్ టీచరు గారి దగ్గర మాత్రం మీరు తొందరపడ్డారని నా అభిప్రాయం. ఆమె 'తగ్గించండి' అన్నారు. దేన్ని అని మీరు అడగలేదు. 440 నుంచి 436 అంటే దాదాపు 16 సెంట్లు. మిగతావన్నీ దానితో పాటే దిగిపోతే, పోల్చి చూసుకునే మరో వాద్యం గదిలో లేనప్పుడు ఆ తేడా చాలామందికి తెలియనే తెలియదు. ఆమెకు తెలిసింది నాదం గుణం.

ఇక్కడ రెండు కారణాలు ఉండవచ్చు. పియానోలో 88 కీలకు 230 దాకా తీగలున్నాయంటే, మధ్య, పై భాగాల్లో ఒక్కో స్వరానికి మూడేసి తీగలు ఉండడం వల్లనే. మీరు వెళ్లకముందు ఆ మూడూ కొద్దిగా ఎడబాసి ఉండి, నాదం వెడల్పుగా, సాగుతూ వినిపించి ఉంటుంది. మీరు మూడింటినీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపారు. అలా కలిసిన తీగలు ఒకే ఊపులో తమ శక్తినంతా తీగలు ఆనుకుని ఉండే వంతెన ద్వారా, నాదాన్ని పెద్దది చేసే చెక్క పలకకు, అంటే సౌండ్ బోర్డుకు, గబగబా ఇచ్చేస్తాయి: మోత మొదట గట్టిగా వచ్చి, త్వరగా పడిపోతుంది. తీగల మధ్య లేశమంత తేడా ఉంటే ఆ తోక సాగుతుందని 1977లో వైన్‌రైక్ అనే భౌతికశాస్త్రవేత్త వివరించారు. అంతకుముందే, 1959లో, రోజర్ కర్క్ అనే ఆయన వేర్వేరు తేడాలతో శ్రుతి చేసిన మూడు తీగల స్వరాలను జనానికి వినిపించి చూశారు. ఎక్కువమందికి నచ్చినవి తీగల మధ్య 1, 2 సెంట్ల తేడా ఉన్నవి. సంగీతం నేర్చినవారు తక్కువ తేడానూ, నేర్వనివారు కాస్త ఎక్కువ తేడానూ ఇష్టపడ్డారు. ఆరితేరిన ట్యూనర్లు చేతితో చేసే శ్రుతి కూడా ఆ ఇష్టాలకు దగ్గరగానే ఉందని తేలింది. అంటే మీరు నిలిపే తీగకూ పక్క తీగకూ మధ్య ఒక సెంటు మేర మీకు స్వేచ్ఛ ఉంది, అది మోసం కాదు. నాలుగైదు సెంట్లకు వెళితే మాత్రం పాత సంత పియానోలా గలగలమంటుంది, ఆ టీచరు గారే ముందు పట్టుకుంటారు.

రెండో కారణం కీ నొక్కగానే తీగను కొట్టే ఫెల్టు సుత్తులు. మూత తీసి సుత్తుల మొనలు చూడండి. ఏళ్ల తరబడి తీగలకు కొట్టుకుని ఫెల్టు మీద మూడేసి గీతలు లోతుగా పడి, వేలితో నొక్కితే గోరు దిగనంత గట్టిపడి ఉంటే, ఆమె 'షార్ప్' అన్నది దాన్నే. అప్పుడు గీతలు పోయేలా గరుకు కాగితంతో రుద్ది, భుజాల దగ్గర సూదులతో గుచ్చి ఫెల్టును వదులు చేయాలి. ఇది శ్రుతి లాంటిది కాదు. తీగను మళ్లీ బిగించవచ్చు గానీ గుచ్చిన ఫెల్టును మునుపటిలా చేయడం కష్టం. అందుకే మధ్య ఆక్టేవ్‌లో నాలుగు సుత్తులకే చేసి, పక్క నాలుగింటితో పోల్చి వాయించమని ఆమెను అడగండి. ఎక్కువ మెత్తబడితే విద్యార్థులు వేళ్ల బలం చూపించలేరు, అది కూడా ముందే చెప్పండి. ఇంకొక చిన్న సంగతి, ఆమె ఈ మధ్యే కొత్త ఇంటికి మారారని మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నున్నటి టైల్స్ నేల, బోడి గోడలు ఉన్న గదిలో మంచి పియానో కూడా చెవిలో గుచ్చుకుంటుంది. సూది ముట్టుకోకముందు కొత్తవాడలో నేసిన మందపాటి జంపఖానా ఒకటి తీసుకెళ్లి పియానో కింద పరిచి, వాయించమని చూడండి. ఏది ఏమైనా ఆ పియానోను తిరిగి 440కి తీసుకురావడం మీ బాధ్యత, దానికి డబ్బు అడగకండి; ఆమె విద్యార్థులు ఇళ్లలో డిజిటల్ పియానోల మీద సాధన చేసి వస్తారు, వాళ్ల చెవులు రెండు ఎత్తుల మధ్య నలగకూడదు.

చర్చి పియానో గురించి రాసేటప్పుడు నా చెయ్యి కొంచెం వణుకుతోంది, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. పని నేర్చుకున్న కొత్తలో సికింద్రాబాద్‌లో ఒక ఇంట్లో ఇలాగే కిందికి జారిన పాత పియానోను, పెళ్లి ఉందని వాళ్లు తొందరపెడితే, ఒక్క పూటలో పైకి లాగాను. మూడో ఆక్టేవ్ దగ్గర ఒక తీగ టప్పున తెగి నా చెంపను గీసుకుంటూ పోయింది. దాని వెనకే ఇంకో రెండు. అందులో ఒకటి రాగి చుట్టిన మంద్ర తీగ. దానికి బదులు తీగ చుట్టించి తెప్పించేలోపు పెళ్లి కూడా అయిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ ఒక్క మాట అనలేదు. ఆమె ఊరుకోవడం నాకు ఈనాటికీ బరువుగానే ఉంది.

తీగ లాగుడు స్వరం ఎత్తుకు వర్గంలో పెరుగుతుంది. అర స్వరం పెంచితే లాగుడు 12 శాతం పెరుగుతుంది. పూర్తి శ్రుతిలో ఉన్న పియానో చట్రం మోసేది సుమారు 18 టన్నులు అనుకుంటే, మీ చర్చి పియానో ఇప్పుడు మోస్తున్నది 16. మీరు దాని మీద మరో రెండు టన్నులు వేయబోతున్నారు. తీగలు వాటిని బిగించే పిన్ను దగ్గర, వంతెన దగ్గర తుప్పు పట్టి ఉంటే, పిన్నులు చెక్కలో వదులుగా తిరుగుతుంటే, ఆ పని ఒప్పుకోకండి. తీగలు శుభ్రంగా, పిన్నులు బిగువుగా ఉంటే పైకి తేవచ్చు, కానీ మొదటి విడత తర్వాత అది కిందికి జారుతుందని, రెండు మూడు విడతలు పడతాయని, తెగిన తీగ ఖర్చు ఎవరిదని ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

పైకి తేవడం తప్ప దారి లేదని మాత్రం అనుకోకండి. ఆ పియానోను 440 లెక్కకు సరిగ్గా ఒక అర స్వరం కింద, అంటే 'ఏ' అనే స్వరం 415 దగ్గర ఉండేలా, అన్ని స్వరాలూ ఒకదానితో ఒకటి చక్కగా కలిసేలా శ్రుతి చేయవచ్చు. యువకుల కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్‌ను ఒక మెట్టు కిందికి నొక్కితే కలిసిపోతుంది. గిటార్లను అర స్వరం దించుకోవడం వాళ్లకు కొత్త కాదు. వృద్ధుల గొంతులకు సుఖం, తీగలకు ప్రమాదం లేదు. నష్టం ఏమిటంటే, ముందే రికార్డు చేసిన ట్రాకులతోనో, శ్రుతి మార్చుకోలేని వేణువుతోనో కలిపి వాయించలేరు. బయటి నుంచి వచ్చిన పియానిస్టుకు చెయ్యి ఒకచోట, స్వరం ఒకచోట అనిపిస్తుంది. 440 అన్నది కూడా మనుషులు కూర్చుని ఒప్పుకున్న సంఖ్యే. ఫ్రాన్సు 1859లో 435ను చట్టం చేసింది, 1939లో లండన్‌లో జరిగిన సమావేశం 440ని సిఫారసు చేసింది. కాబట్టి 415 దగ్గర నిలిపినంత మాత్రాన మీ సారు నేర్పిన పనికి ద్రోహం చేసినట్టు కాదు. యువకులనూ పెద్దలనూ ఒకే రోజు పియానో దగ్గర కూర్చోబెట్టి, రెండు దారుల లాభనష్టాలూ చెప్పి, నిర్ణయం వాళ్లనే చేసుకోనివ్వండి. ఆ పూట మీరు శ్రుతి చేసే లివర్ సంచిలోంచి తీయకండి.

వాళ్లు ఏది ఎంచుకున్నా కాలం చూసుకోండి. మన దగ్గర మృగశిర నుంచి వానలు పోయేదాకా సౌండ్ బోర్డు తేమ పీల్చి ఉబ్బుతుంది, శ్రుతి పైకి పాకుతుంది. చలికాలం నుంచి రోహిణి కార్తె ఎండల దాకా ఆరిపోతూ దిగుతుంది. సెప్టెంబరులో చక్కగా నిలిపిన పియానో సంక్రాంతికి జారిందంటే, సగం మంది ట్యూనరునే అంటారు. మీ ముప్పై పియానోలకూ ఒక నోటుబుక్కు పెట్టి, ఏ నెలలో ఏ ఎత్తున దొరికింది, గదిలో తేమ ఎంత అన్నది రాసుకుంటే, రెండేళ్లకు మీ మాటకు ఆధారం ఉంటుంది. చర్చి పనికి మొదటి విడత అక్టోబరు ఆఖరున, వానలు వెనకబట్టాక పెట్టుకోండి. నవంబరు మధ్యలో ఇంకోసారి, డిసెంబరు మొదటి వారంలో చివరిసారి సరిచూడండి. ఆ చివరి రోజు మీ బాపును వెంట తీసుకెళ్లి వృద్ధులు కూర్చునే వరుసలో కూర్చోబెట్టి, మంద్ర స్వరాలు అక్కడికి ఎలా వినిపిస్తున్నాయో చెప్పమనండి. పియానో ముందు కూర్చున్న మీకు అది తెలియదు.